లస్కరు వెంకటపతి పాదాలు

మడదిబ్బలో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే. బోరు వేసినా, బావి తవ్వినా, నోట్లో పోసుకుంటే మొహం చిట్లించాల్సిందే. హంసలదీవి వెళ్లే దారిలో, సముద్రం హోరు ఇంట్లోకి వినబడేంత దగ్గరలో ఉన్న ఊరికి అంతకంటే ఏం దక్కుతుంది? అందుకే కాలవ కట్టేసేలోగా వచ్చిన కృష్ణ నీళ్లు పట్టి దాచుకోవడానికి ముప్పై ఎకరాల మంచినీళ్ల చెరువు ఒకటి ఉంది. నేల బల్లపరుపు కాబట్టి గొయ్యి తవ్వి నింపలేదు. చుట్టూ మట్టికట్ట పోసి, నీళ్లను నేలకంటే ఎత్తున నిలబెట్టారు. కట్ట మీద నిలబడితే ఎడమపక్క నిండు చెరువు, కుడిపక్క అంతకంటే పల్లంలో ఇళ్ల కప్పులు. కొత్తవాళ్లకు అది చూడగానే గుండె ఝల్లుమంటుంది. ఊళ్లోవాళ్లు మాత్రం నిశ్చింతగా నిద్రపోయేవారు. వాళ్లకు వెంకటపతి ఉన్నాడు.

వెంకటపతి లస్కరు. కాలవలూ తూములూ కట్టలూ కాచి, ఎక్కడేం తేడా వచ్చినా పైవాళ్లకు కబురు చేసే పనివాణ్ని అలాగే అంటారు. ఒకప్పుడు ఈ చెరువుకూ, దానికి నీళ్లు తెచ్చే పిల్లకాలవకూ కలిపి ఐదుగురు లస్కర్లు ఉండేవారు. ఇద్దరు రిటైరయ్యారు, ఇద్దరు పోయారు. ఖాళీ అయిన చోట మనిషిని వేసే అలవాటు ఆఫీసులకు ఎప్పుడో తప్పింది కదా! చివరికి యాభయ్యేడేళ్ల వెంకటపతి ఒక్కడూ మిగిలాడు, కిలోమీటరున్నర కట్టకి.

కట్ట కాయడమంటే కర్ర పట్టుకుని పచార్లు చెయ్యడం అనుకునేరు. వానాకాలంలో కట్ట బయటి వాలంతా ఒకే పచ్చగా, ఒకే తడిగా ఉంటుంది. పైనుంచి పడ్డ వాన తడి ఏదో, లోపల్నించి ఊరి వచ్చిన తడి ఏదో ఎంత చూపున్నవాడికైనా కంటికి ఆనదు. కాలికి తెలుస్తుంది. లోపలి ఊట చల్లగా తగులుతుంది. అడుగు కింద నేల కాస్త ఊగుతుంది. అందుకే లస్కరు చెప్పుల్లేకుండా, కట్ట అడుగు వెంబడే, మడమ ముందు ఆనించి నడవాలి. చల్లగా తగిలిన చోట చిన్న గుంట చేసి, ఊరిన నీళ్లు గాజుగ్లాసులో పట్టి వెలుతురుకెత్తి చూడాలి. తేటగా ఉంటే ఫరవాలేదు, మట్టికట్టన్నాక కాస్త చెమరుస్తుంది. మట్టిరంగు తిరిగిందా, కట్ట లోపల్నించి తినుకుపోతోందన్నమాట. అప్పుడిక ఇసుక బస్తాలకి పరిగెత్తడమే. ఈ విద్య నేర్పినవాడు పాత లస్కరు తాతయ్య. తాతయ్య అన్నది ఆయన పేరే, చుట్టరికం కాదు.

వెంకటపతి ఆ విద్యను పట్టుకుని వేలాడటానికి కారణం ఉంది. డెబ్బయ్యేడు ఉప్పెన నాటికి అతనికి ఎనిమిదేళ్లు. ఇంట్లో ఐదుగురిలో అతనొక్కడే తాటిచెట్టు మట్టలు పట్టుకుని బతికాడు. నీళ్లు రాబోతున్నాయని ముందు ఒక్క మనిషి చెప్పి ఉంటే అందరూ బతికేవాళ్లని పెరిగి పెద్దయ్యాక కూడా అంటుండేవాడు. ఆ చెప్పే మనిషి తనే అయ్యాడు. ముప్పై రెండేళ్ల సర్వీసులో రెండుసార్లు అతని పాదాలే కట్టను కాచాయి. ఒకసారి పడమటి మూల ఊట పట్టి, తెల్లారేలోగా నాలుగొందల బస్తాలు వేయించాడు. అప్పట్నించి ముసురు పట్టినప్పుడల్లా ఊళ్లో ఆడవాళ్లు పొయ్యి ఆర్పేముందు ఒకటే అడిగేవారు, వెంకటపతి నడిచొచ్చాడా అని. నడిచొచ్చి బాగుందన్నాడంటే ఇక ఎవరికీ భయం లేదు. ఆఫీసర్లు వచ్చినా అంతే, కట్ట సంగతి అతని కాళ్లనే అడగండని నవ్వుతూ అనేవారు. ఆ మాటకి పైకి సిగ్గుపడేవాడు గానీ, లోపల ఎంత పొంగిపోయేవాడో అతని పెళ్లాం వీరదుర్గకి తెలుసు.

ఆ పాదాలకు ఏదో అయిందని మొదట కనిపెట్టిందీ వీరదుర్గే. రెండేళ్ల కిందటి మాట. పొద్దున్నే వరండా కడిగి ముగ్గేసి లోపలికెళ్లింది. తిరిగొచ్చేసరికి తడి గచ్చు మీద గుమ్మం దాకా ఎర్రటి అడుగులు! అవి ఎక్కడాగాయో చూస్తే, వెంకటపతి పీట మీద కూచుని తాపీగా చద్దన్నం తింటున్నాడు. కాలెత్తి చూసింది. అరికాల్లో బొటనవేలి గోరంత గుల్లపెంకు దిగబడి ఉంది. కట్ట మీద ఎక్కడ గుచ్చుకుందో, ఎంతసేపయిందో అతనికే తెలియదు. ఆమె పెంకు లాగుతుంటే కూడా తినడం ఆపలేదు.

"నీకు నెప్పి తెలవట్లేదా?" అందామె.

అతను అన్నం కలుపుతున్న చెయ్యి అప్పుడు ఆపాడు.

వీరదుర్గ ఊరుకునే మనిషి కాదు. లాక్కెళ్లి షీబా ముందు కూచోబెట్టింది. షీబా ఆ ఊరి క్లినిక్‌లో నర్సు. కట్టకింద కాలనీలోనే ఇల్లు. పక్షవాతం వచ్చి మంచానపడ్డ తల్లి మార్తమ్మను చూసుకుంటూ, పెళ్లి మాటెత్తితే నవ్వేసి ఊరుకునే పిల్ల. వెంకటపతిని మావయ్యా అంటుంది. ఆ పిల్ల తండ్రీ ఇతనూ ఒకప్పుడు ఒకే బస్తా చెరో కొసా పట్టి మోసినవాళ్లు. షుగర్ చూసింది. మూడొందల ఎనభై! ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారని ఇద్దర్నీ కలిపి కేకలేసింది. తర్వాత పుల్లకు బిగించిన సన్నటి నైలాన్ దారం ఒకటి తీసింది. కళ్లు మూసుకోమంది. దాంతో పాదం మీద పదిచోట్ల తాకిస్తానని, తగిలినప్పుడల్లా చెప్పమని, కాళ్ల నరాలు ఎలా ఉన్నాయో దాన్నిబట్టి తెలుస్తుందని చెప్పింది.

వెంకటపతి కళ్లు మూసుకున్నాడు. గోడగడియారం టిక్కుటిక్కుమంటోంది. ఏమీ తగల్లేదు. ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకున్నాడు. రెప్పలు వెంట్రుకవాసి తెరిచి చూశాడు. దారం అతని బొటనవేలి మీద వంగి ఉంది.

నిజం చెబితే షీబా అతని కార్డు మీద రాస్తుంది. కార్డు మీద రాస్తే ఆఫీసుకి తెలుస్తుంది. తీసేస్తే తీసేశారు, ఇంట్లో కూచుంటాడు. కానీ తన చోట ఎవరొస్తారు? ఎవరూ రారు. తను మడదిబ్బకి ఆఖరి లస్కరు. మొద్దుబారినా సరే, కట్ట మీద నడిచే కాళ్లు రెండు ఉండటం అసలు లేకపోవడం కంటే నయం కాదా? ఇదంతా నిజమే. దాని వెనక ఇంకో నిజం కూడా ఉంది. ఊరు తన పాదాలను నమ్ముకుని నిద్రపోతోంది. ఆ పాదాలు పోయాయని తన నోటితో చెప్పుకోవడం అతనికి చేతకాలేదు.

రెప్పల సందునుంచి షీబా మోచెయ్యి కదిలినప్పుడల్లా "ఆఁ, తగిలింది" అన్నాడు. పదికి పది.

షీబా మొహం వెలిగిపోయింది. నరాలు భేషుగ్గా ఉన్నాయని, గుల్లపెంకు తెలియలేదంటే ఏదో ధ్యాసలో ఉండి ఉంటారని అంది. మాత్రలిచ్చింది. అయినా షుగర్ ఉన్నవాళ్లు వట్టికాళ్లతో తిరక్కూడదని మెత్తటి చెప్పుల జత కూడా ఇచ్చింది. అతను ఇంటిదాకా వాటిని వేసుకెళ్లాడు. కట్ట మీదకు మాత్రం వేసుకోలేదు. వెంకటపతి కట్ట మీద చెప్పులతో కనబడితే సాయంత్రానికల్లా ఊరంతా ఆరా తీస్తుంది.

ఆ రెండేళ్లూ అతను పని ఎగ్గొట్టాడని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. అంతకుముందు కంటే ఎక్కువ తిరిగాడు. పాదం చెప్పనిది చెయ్యి చెబుతుందని అడుగడుక్కీ వంగి అరచెయ్యి ఆనించి చూశాడు. నాలుగురోజులకే నడుం పట్టేసింది. కిలోమీటరున్నర పొడుగూ వంగి నడవడం ఎవరి తరం? అప్పుడు పాత ఊటలున్న ఐదుచోట్ల మాత్రం వంగి చూసి, మిగతా కట్టంతా మామూలుగా నడవడం మొదలుపెట్టాడు. ఐదుచోట్లా బాగుండేది. అందుకని కట్టంతా బాగుందనేవాడు.

ఆరోచోటు ఎక్కడో చెబుతాను. కట్ట పొడుగునా దూరం గుర్తుకి రాళ్లు పాతి నంబర్లు వేశారు. ఏడో రాయి దగ్గర, సరిగ్గా కాలనీ వెనక, సర్కారుతుమ్మ మానులు రెండు ఉండేవి. ముందటేడు కట్ట మీద చెట్లు ఉండకూడదని ఎవరో కాగితం పంపితే, కంట్రాక్టరు మనుషులు వచ్చి వాటిని నేలమట్టానికి కోసుకుపోయారు. వేళ్లతో సహా పెకలించి, ఆ గోతుల్లో బంకమట్టి వేసి దిమ్మిస కొట్టాలని, లేకపోతే వేళ్లు కుళ్లి కట్టలో గొట్టాలు పడతాయని వెంకటపతి మొత్తుకున్నాడు. ఎస్టిమేటులో లేదన్నారు. అక్కడ అంతకుముందెన్నడూ ఊట పట్టలేదు గనక, అతను వంగి చూసే ఐదింటిలో అది చేరలేదు. అవనిగడ్డ నుంచి వచ్చే కుర్ర ఇంజినీరు కిరణ్ మంచివాడు. ఆ పనికీ, మొత్తం కట్ట బాగుకీ మూడుసార్లు కాగితాలు పంపాడు. ఏ కాగితమూ తిరిగి రాలేదు. ఏంచేస్తాం, మీ కాళ్లున్నాయిగా వెంకటపతిగారూ అన్నాడు చివరికి. వెంకటపతి తల దించుకుని కాళ్లకేసి చూసుకున్నాడు.

మొన్నటి కార్తీకం వెళ్లీ వెళ్లకుండానే తుఫాను పట్టుకుంది. చెరువు అప్పుడే నిండుగా నింపి ఉంది. మూడురోజులు ఎడతెరిపి లేని వాన. కిరణ్ గంటకోసారి ఫోన్ చేశాడు. ఎందుకైనా మంచిదని గర్భిణుల్నీ ముసలివాళ్లనీ హైస్కూలు పక్కనున్న తుఫాను షెల్టర్‌కి చేర్చమని కబురొచ్చింది. షీబా తెల్లారగట్లే ఇద్దరు నిండుచూలాళ్లను తీసుకెళ్లి, తల్లి కోసం వెనక్కి వచ్చింది. మార్తమ్మకు అప్పటికే రొంప పట్టి ఛాతీ గురగురలాడుతోంది. ఆ వానలో మంచంతో మోయిస్తే తడిసి ఏమవుతుందోనని ఆ పిల్ల భయం. ఇక్కడే ఉంచితే కట్ట భయం.

వెంకటపతి అప్పుడే కట్ట చుట్టూ తిరిగి దిగుతున్నాడు. షీబా గొడుగు కింద నిలబడి అడిగింది.

"మావయ్యా, అమ్మని ఇంట్లోనే ఉంచచ్చంటారా? మీరు ఉంచమంటే ఉంచుతాను."

అతను మళ్లీ కట్ట అడుక్కి వెళ్లాడు. ఆ పిల్ల కోసమని, ఆ ఇంటికి ఎదురుగా ఉన్న వాలు వెంబడి ప్రత్యేకంగా ఇంకోసారి నడిచాడు. ఏడో రాయి పక్కన ఆగి, రెండు పాదాలూ ఆనించి నిలబడి చూశాడు. వాన జోరుకి నేలంతా ఒకే నీటి పొర. వంగి చెయ్యి పెడదామనుకున్నాడు. షీబా చూస్తోంది. ముప్పై రెండేళ్లుగా ఎవరి ముందూ వంగి చూడనివాడు ఇప్పుడు వంగితే ఏమనుకుంటుంది? వంగలేదు.

"బాగుందమ్మా," అన్నాడు. "నువ్వెళ్లి నీ పని చూసుకో."

షీబా తల్లికి రెండు దుప్పట్లు కప్పి, పక్కింటావిణ్ని కాస్త కనిపెట్టుకోమని చెప్పి షెల్టర్‌కి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం మూడింటప్పుడు ఏడో రాయి దగ్గర కట్ట గుల్లబారి కూచుంది. కూచోవడమే తరువాయి, పావుగంటలో పాతిక గజాల గండి. పట్టపగలు కాబట్టి కాలనీ జనం కేకలు విని పిల్లల్ని చంకనేసుకుని రోడ్డెక్కారు. పక్కింటావిడ మార్తమ్మను లేపబోయి, లేపలేక, నడుంలోతు నీళ్లలో మగవాళ్లను పిలవడానికి పరిగెత్తింది. వెంకటపతి అప్పుడు పడమటి మూలలో ఉన్నాడు, పాత ఊట దగ్గర వంగి. హోరు విని లేచాడు. అటే పరిగెత్తి, గండి పక్కనుంచి దూకి, గొంతులోతు నీళ్లలో పడి ఆ ఇంటికి అందరికంటే ముందు చేరాడు. మంచం తేలి గోడకి ఆనుకుని ఉంది. దుప్పట్లు మంచానికే చుట్టుకున్నాయి. మార్తమ్మ కింద దొరికింది.

ఆమెను భుజాన వేసుకుని అతను షెల్టర్ దాకా నడిచాడు. ఎవరు అడ్డం వచ్చి అందుకోబోయినా ఇవ్వలేదు. షీబా చేతుల్లో అప్పుడే పుట్టిన ఎవరి బిడ్డో ఉంది. ఆ బిడ్డను ఇంకొకరి చేతికిచ్చి వచ్చి తల్లి నాడి పట్టుకుని చూసింది, ఎంతమంది నాడో చూసిన చెయ్యి కదా. తర్వాత అలాగే నేలమీద కూలబడింది. వెంకటపతిని ఒక్క మాట అనలేదు.

ఎవరూ అనలేదు. అదే అతని ప్రాణం తోడేసింది. చెరువు ఖాళీ అయింది. సముద్రపు పోటుకు మురుగుకాలవ ఎక్కి ఉప్పునీళ్లు అందులో నిలిచాయి. ట్యాంకర్ వచ్చిన రోజు రోడ్డుపొడుగునా బిందెలు బారులు తీరుతున్నాయి. అయినా సరే, వెంకటపతి తిరుగుతూ ఉండబట్టే ఇంతటితో పోయిందని, లేకపోతే ఊరే పోయేదని అందరూ అన్నారు. ఒక్కరంటే ఒక్కరైనా కాలరు పట్టుకుని, బాగుందని ఎలా చెప్పావురా అని నిలదీస్తే బాగుండునని అతను ఎదురుచూశాడు. తుఫానుకి కట్ట తెగితే లస్కరేం చేస్తాడని అతన్నే ఓదార్చారు. అన్నం సయించడం మానేసింది. రాత్రిళ్లు లేచి కూచుని పాదాలను గోళ్లతో గీరుకుంటుంటే వీరదుర్గ చేతులు పట్టుకుని ఆపేది. ఎందుకో ఆమె అడగలేదు. ఆమెకు గుల్లపెంకు నాటినుంచీ తెలుసు. తెలిసి నోరు మూసుకున్న పాపం తనకీ ఉందని ఆమె లోలోపల కుమిలిపోయింది.

జనవరిలో కిరణ్ స్వయంగా ఇంటికి వచ్చాడు. ప్రాణాలకు తెగించి నీళ్లలో దూకినందుకు వెంకటపతి పేరు పైకి రాశానని, రిపబ్లిక్ డే నాడు బందరులో స్టేజీ మీద ప్రశంసాపత్రం ఇస్తారని, తెల్లచొక్కా వేసుకుని రమ్మని చెప్పాడు. పాపం, సంతోషపెడుతున్నాననే అనుకున్నాడు. వెంకటపతి సరే సార్ అన్నాడు. కిరణ్ జీపు మలుపు తిరిగేదాకా నిలబడి, తర్వాత గడపమీద కూచుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

జనవరి ఇరవయ్యైదు పొద్దున, క్లినిక్‌లో జనం పలచబడ్డాక వెళ్లాడు. తల్లి పోయాక షీబా చిక్కి సగమయింది. రండి మావయ్యా అని ఎప్పట్లాగే కుర్చీ వేసింది. షుగర్ చూడనా అంది.

"ఆ దారం పరీక్ష ఇంకోసారి చెయ్యమ్మా," అన్నాడు.

ఆమె ఎందుకన్నట్టు చూసింది గానీ, పుల్ల తీసింది. అతను భుజం మీది తువ్వాలు తీసి కళ్లకు రెండు చుట్లు చుట్టి, వెనక గట్టిగా ముడేసుకున్నాడు. అంత అవసరం లేదు, కళ్లు మూసుకుంటే చాలు మావయ్యా అందామె. అతను వినలేదు. రెండు పాదాలూ ఎదురు స్టూలు మీద పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూచున్నాడు.

గడియారం టిక్కుటిక్కుమంది. బయట ట్యాంకర్ హారన్ మోగింది. బిందెల చప్పుడు, ఎవరో ఎవరినో వరసలో నిలబడమని అరవడం వినబడ్డాయి. ఆ చప్పుళ్లూ సద్దుమణిగాయి. వెంకటపతి ఒళ్లంతా చెవులు చేసుకుని, పాదాల్లోకి ప్రాణమంతా పంపి ఎదురుచూశాడు.

"ఎప్పుడు మొదలుపెడతావమ్మా?" అన్నాడు చివరికి.

"అయిపోయింది మావయ్యా," అంది షీబా.

అతను తువ్వాలు విప్పలేదు. విప్పితే ఆమె మొహం చూడాలి. ఆమె గొంతే వినబడింది, ఎన్నాళ్లనుంచి అని.

"రెండేళ్లు దాటింది. నువ్వు అప్పుడు చూసిన రోజు కూడా ఇంతే. రెప్పల్లోంచి నీ మోచెయ్యి చూసి చెప్పాను. మీ అమ్మ రోజు కూడా ఇంతే. అక్కడే నిలబడ్డాను తల్లీ, ఏడో రాయి మీద. నాకేం తెలవలేదు."

షీబా పుల్ల ట్రేలో పెట్టిన చప్పుడయింది.

"ఆ రోజు మంచం మొయ్యడానికి మనుషులు వచ్చారు మావయ్యా, నలుగురు," అంది నెమ్మదిగా. "టార్పాలిన్ కూడా తెచ్చారు. మీరు బాగుందన్నారని నేనే వాళ్లని పంపించేశాను."

వెంకటపతి తువ్వాలు తడిసిపోయింది. దాన్ని విప్పి మొహం తుడుచుకున్నాడు. షీబా అతనికేసి చూడట్లేదు. కార్డు ముందుకు లాక్కుని, పాత తారీఖు పక్కన ఉన్న పదిని కొట్టేసి, కింద ఆనాటి తారీఖు వేసి సున్నా రాసింది. ఈ కార్డు కిరణ్ గారికి మీరు చూపిస్తారా, నన్ను చూపించమంటారా అని అడిగింది. నేనే చూపిస్తానన్నాడు. రేపు బందరు వెళ్లేదిక లేదని, ఇవాళే అవనిగడ్డ బస్సు ఎక్కాలని అతనికి తెలిసిపోయింది.

అతను లేచాడు. షీబా కూడా లేచి, బీరువా కింద వరసనుంచి కొత్త చెప్పుల జత తీసి అతని ముందు పెట్టింది. "వేసుకుని వెళ్లండి," అంది.

వెంకటపతి గోడ పట్టుకుని ఒక్కో కాలూ ఎత్తి పెట్టాడు. చెప్పులోకి వేలు దూరిందో లేదో తెలియక, వంగి కళ్లతో చూసుకున్నాడు.